రక్తపు చుక్కలో క్షయ జాడ: ఆశ ఎంత, జాగ్రత్త ఎంత?



ఈ మధ్య కాలంలో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "క్షయకు రక్తపరీక్ష వచ్చిందట కదా, ఇక కఫం ఇవ్వవలసిన పని లేదట కదా?" అని. ప్రశ్న చిన్నదే కాని, అందులో మూడు వేర్వేరు రక్తపరీక్షలు కలగాపులగమై ఉన్నాయి. ఒకటి మన దేశంలో నిషేధించబడినది. రెండవది వేరొక ప్రయోజనానికి ఉద్దేశించినది. మూడవది నిజంగా ఆశ కలిగించేది. అది మన రక్తకణాలలోని ఆర్‌ఎన్‌ఏను కొలిచే పరీక్ష. అయితే అది ఇంకా మన వీధి చివరి ల్యాబుకు చేరలేదు. ఈ మూడింటి మధ్య భేదం తెలియక డబ్బును, కాలాన్ని, కొన్ని సందర్భాలలో ఆరోగ్యాన్ని కూడా పోగొట్టుకున్నవారిని నేను చూశాను. అందుకే ఈ వ్యాసం.

కఫంతో వచ్చిన చిక్కు

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆనాటి నుండి క్షయ నిర్ధారణకు మూలసూత్రం ఒక్కటే: క్రిమిని చూపించాలి. ఊపిరితిత్తుల క్షయలో ఆ క్రిమి కఫంలో దొరుకుతుంది. అయితే సూక్ష్మదర్శినిలో అది కంటికి కనబడాలంటే ఒక మిల్లీలీటరు కఫంలో సుమారు 5,000 నుండి 10,000 క్రిములు ఉండాలి. క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 చివరలో ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్, ఆ తరువాత మన దేశంలోనే రూపొందిన ట్రూనాట్, క్రిమి డీఎన్‌ఏను కొద్ది గంటలలోనే గుర్తించగలవు. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్పగలవు.

ఇవన్నీ ఉత్తమమైన పరీక్షలే. కాని వీటన్నింటికీ ఒకే షరతు ఉన్నది. క్రిమి దాగిన చోటి నుండి నమూనా దొరకాలి.

హైదరాబాదు పాతబస్తీలో వైద్యం చేసిన సంవత్సరాలలో నాకు ఎదురైన పెద్ద అడ్డంకి ఆ షరతే. లాడ్‌బజారు గాజులకు రాళ్ళు అతికే పని అక్కడ ఎన్నో ఇళ్ళలో జరుగుతుంది. గాలి, వెలుతురు అంతంతమాత్రంగా ఉన్న ఒకే గదిలో పని, వంట, నిద్ర అన్నీ సాగుతాయి. ఒకరికి క్షయ వస్తే మిగిలినవారికి సోకడానికి అంతకంటె అనువైన చోటు ఉండదు. దగ్గుతో వచ్చిన స్త్రీకి కఫం డబ్బా ఇచ్చి పంపితే, ఆమె తరచు లాలాజలం మాత్రమే ఉమ్మి తెచ్చేది. నలుగురిలో కాండ్రించి ఉమ్మడం తప్పని నేర్చుకొని పెరిగినవారు మరెలా ఇవ్వగలరు? చిన్నపిల్లలు కఫాన్ని మింగేస్తారు. మెడలో గ్రంథులు వాచినవారికి, వెన్నెముకకో పేగులకో క్షయ సోకినవారికి అసలు దగ్గే ఉండకపోవచ్చు.

ఒకసారి పందొమ్మిదేళ్ళ అమ్మాయిని తల్లి తీసుకొనివచ్చింది. రెండు నెలలుగా సాయంకాలపు జ్వరం, మెడకు ఒక పక్క వరుసగా బిళ్ళలు. మన పెద్దలు గండమాల అని పిలిచినది ఇదే. నేను సూదితో కొద్దిగా కణజాలం తీసి పరీక్షించాలని చెప్పాను. తల్లి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి ఇలా అన్నది: "డాక్టర్ సాబ్, దగ్గు లేదు, బల్గం లేదు. ఇది టీబీ ఎట్లయితది? రక్తం చూసి చెప్పండి, చాలు. సూదీ గీదీ అంటే గల్లీల అందరికీ తెలుస్తది. పిల్లకు సంబంధాలు చూస్తున్నం."

ఆ తల్లి అడిగినది మూర్ఖపు కోరిక కాదు. ఒక రక్తపు చుక్కతో, ఎవరికీ తెలియకుండా, ఒక్క పూటలో తేలిపోయే పరీక్షను ఆమె కోరింది. ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నదీ సరిగ్గా అదే. అప్పటికి మాత్రం ఆమెను ఒప్పించి సూది పరీక్షే చేయించాము. అందులో క్షయ అని తేలింది. ఆరు నెలల మందులతో అమ్మాయి పూర్తిగా కోలుకున్నది.

మన కణాలలోని చీటీలు

కోవిడ్ రోజులలో ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేయించుకోనివారు అరుదు. అది వైరస్ యొక్క ఆర్‌ఎన్‌ఏను వెతికే పరీక్ష. నేను ఇప్పుడు చెప్పబోయే పరీక్ష అందుకు భిన్నమైనది. ఇది క్రిమి ఆర్‌ఎన్‌ఏను వెతకదు. మన సొంత రక్తకణాలలోని ఆర్‌ఎన్‌ఏను కొలుస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ చేసే పనిని ఒక షాదీఖానా వంటశాలతో పోల్చి చెబుతాను. యజమాని గదిలో వంటకాలన్నీ రాసి ఉన్న పెద్ద పుస్తకం ఒకటి భద్రంగా ఉంటుంది. దానిని ఎవరూ బయటికి తీసుకొనిపోరు. ఆ రోజు కావలసిన వంటకాన్ని మాత్రం ఒక చీటీ మీద రాసి వంటవారికి పంపుతారు. వంట ముగియగానే ఆ చీటీ చెత్తలోకి పోతుంది. మన కణంలో ఆ పుస్తకం డీఎన్‌ఏ. ఆ చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. వండిన వంటకం ప్రొటీను. పుస్తకం జీవితాంతం దాదాపు మారదు. చీటీలు మాత్రం గంటగంటకూ మారుతుంటాయి. కనుక చీటీలను ఏరి లెక్కించినవాడు, ఆ వంటశాల ఎవరి రాకకు సిద్ధమవుతున్నదో ఊహించగలడు.

శరీరంలో క్షయ క్రిమి విజృంభించినప్పుడు రక్తంలోని తెల్లకణాలు కొన్ని జన్యువుల చీటీలను విరివిగా రాస్తాయి, మరికొన్నింటిని తగ్గిస్తాయి. క్రిమి మెడ గ్రంథిలో దాగి ఉన్నా, వెన్నెముకలో దాగి ఉన్నా, దానికి ప్రతిస్పందించే కణాలు రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. కఫం లేనివారికి ఈ మార్గం తోడ్పడవచ్చునన్న ఆశకు కారణం అదే.

పదిహేనేళ్ళ అన్వేషణ

2010లో లండన్‌లోని ఆన్ ఓగారా బృందం నేచర్ పత్రికలో ఒక ముఖ్యమైన పరిశోధనను ప్రచురించింది. లండన్‌లోను, దక్షిణాఫ్రికాలోను క్షయ రోగుల రక్తాన్ని పరీక్షించి, 393 ఆర్‌ఎన్‌ఏ గుర్తుల సముదాయాన్ని వారు చూపించారు. అందులో ప్రధానమైనవి ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే జన్యువులు. ఇంటర్‌ఫెరాన్ అనగానే వైద్యులకు వైరస్ జబ్బులు గుర్తుకు వస్తాయి. ఒక బ్యాక్టీరియా జబ్బులో అది ఇంత బలంగా కనబడడం అందరినీ ఆశ్చర్యపరచింది. చికిత్స సాగేకొద్దీ ఆ గుర్తులు క్షీణించడం కూడా వారు గమనించారు.

393 గుర్తులను కొలవడం పరిశోధనశాలలో సాధ్యం. బస్తీ దవాఖానాలో అసాధ్యం. కనుక తరువాతి కృషి అంతా సంఖ్యను తగ్గించడం మీద నడిచింది. 2014లో ఆఫ్రికా దేశాల పిల్లలలో 51 గుర్తులతో ఒక పరిశోధన వెలువడింది. 2016లో దక్షిణాఫ్రికా కౌమారవయస్కులపై జరిగిన అధ్యయనం 16 జన్యువుల ఆధారంగా, జబ్బు బయటపడక ముందే ఎవరికి ముప్పు ఎక్కువో కొంతవరకు చెప్పగలిగింది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్‌లో తిమోతి స్వీనీ, పూర్వేష్ ఖత్రి బృందం మూడే మూడు జన్యువులు చాలునని ప్రతిపాదించింది. వాటి పేర్లు జీబీపీ5, డీయూఎస్‌పీ3, కేఎల్‌ఎఫ్2. క్షయలో మొదటి రెండూ పెరుగుతాయి, మూడవది తగ్గుతుంది. ఈ మూడింటిని కొలిచే కార్ట్‌రిడ్జ్‌ను జీన్‌ఎక్స్‌పర్ట్ తయారీదారులే రూపొందించి వివిధ దేశాలలో పరీక్షించారు. వేలి కొసన గుచ్చి తీసిన రక్తం చాలు, గంటలోపు ఫలితం వస్తుంది.

మన నగరానికి కూడా ఈ కథలో చోటున్నది. మహావీర్ ఆసుపత్రి 1995లోనే ప్రభుత్వ క్షయ నియంత్రణ కార్యక్రమంతో చేతులు కలిపి, ప్రైవేటు వైద్యులు పంపిన రోగులకు ఉచితంగా మందులు అందించే ఏర్పాటు చేసింది. దేశంలో ఇటువంటి తొలి ప్రయత్నాలలో అదొకటి. అక్కడి పరిశోధకులు హైదరాబాదు క్షయ రోగులలోను, వారితో ఒకే ఇంట్లో నివసించేవారిలోను రోగనిరోధకశక్తికి సంబంధించిన జన్యుభేదాలను అధ్యయనం చేశారు. ఒకే ఇంట్లో ఒకే గాలి పీల్చినవారిలో ఒకరికి జబ్బు ఎందుకు వస్తుంది, మరొకరికి ఎందుకు రాదు అన్నదే అక్కడి మౌలికమైన ప్రశ్న. ఆర్‌ఎన్‌ఏ పరీక్షల వెనుక ఉన్నదీ ఆ ప్రశ్నే.

హలీం చీటీ చూసి రంజాన్ అనగలమా?

ఇక లోపాల సంగతి చూద్దాం. వంటశాలలో హలీం చీటీలు కుప్పలుగా కనబడితే రంజాన్ మాసమని ఊహించవచ్చు. కాని ఈ రోజులలో పెళ్ళి విందులలోనూ హలీం వడ్డిస్తున్నారు. చీటీ ఒకటే, సందర్భాలు రెండు. ఇంటర్‌ఫెరాన్ జన్యువుల విషయమూ అంతే. ఫ్లూ వంటి వైరస్ జ్వరాలలోను, డెంగీలోను అవి చెలరేగుతాయి. వానాకాలంలో ఇంటింటా జ్వరాలుండే మన నగరంలో ఇది చిన్న లోపం కాదు.

రెండవ విషయం పోషకాహారం. పుదుచ్చేరి, తమిళనాడు ప్రాంతాలలో క్షయ రోగుల కుటుంబసభ్యులను పరిశీలించినప్పుడు, బక్కచిక్కినవారిలో ఈ ముప్పు గుర్తులు అధికంగా కనబడ్డాయి. అంటే ఆకలి కూడా రక్తంలో తన చీటీలను రాస్తుంది. పరీక్ష అంకెను మాత్రమే చూసి, ఎదుట కూర్చున్న మనిషి ఎముకలగూడును చూడని వైద్యుడు సగమే చదివినవాడవుతాడు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో, రోగి కుటుంబానికి అదనపు ఆహారం అందించగా ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇది ఖరీదైన కార్ట్‌రిడ్జ్ సాధించిన ఫలితం కాదు. బియ్యం, పప్పు వంటి ఆహారం సాధించిన ఫలితం.

మూడవది లెక్క. దయచేసి ఈ లెక్కను ఓపికగా చదవండి. కఫం అవసరం లేని వడపోత పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస ప్రమాణాలను నిర్ణయించింది. క్షయ ఉన్న 100 మందిలో కనీసం 90 మందిని పట్టుకోవాలి. క్షయ లేని 100 మందిలో కనీసం 70 మందికి లేదని చెప్పాలి. ఇప్పుడు లక్షణాలతో వచ్చిన 1,000 మందిలో 50 మందికి క్షయ ఉన్నదని అనుకుందాం. ఈ పరీక్ష 45 మందిని పట్టుకుంటుంది, ఐదుగురిని వదిలివేస్తుంది. క్షయ లేని 950 మందిలో 285 మందికి కూడా పాజిటివ్ అని చెబుతుంది. మొత్తం పాజిటివ్‌లు 330. అందులో నిజమైన రోగులు 45 మందే. అంటే ఏడుగురిలో ఒక్కరు.

అలాగైతే పరీక్ష పనికిరానిదా? కాదు. 1,000 మందికీ జీన్‌ఎక్స్‌పర్ట్ చేయవలసిన చోట 330 మందికి చేస్తే సరిపోతుంది. వడపోతగా అది గొప్ప మేలు. కాని ఆ 330 మందికీ నేరుగా మందులు మొదలుపెడితే, 285 మంది లేని జబ్బుకు ఆరు నెలలు మందులు మింగుతారు. ఒకే పరీక్ష వడపోతగా వరం, తీర్పుగా శాపం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ వ్యాసం రాసిన ప్రయోజనం నెరవేరినట్లే.

ముందుగా ముప్పు తెలిస్తే ముందుగా మందులిచ్చి ఆపవచ్చు కదా అని కూడా అనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో అదే ప్రయత్నించారు. 11 జన్యువుల పరీక్షలో పాజిటివ్ వచ్చినవారికి మూడు నెలల నివారణ చికిత్స ఇచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ చికిత్స వారిలో జబ్బును తగ్గించలేదు. జోస్యం చెప్పగలగడం వేరు, ఆపద తప్పించగలగడం వేరు.

నేడు మార్కెట్‌లో ఉన్న రక్తపరీక్షలు

ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఇంకా మన ల్యాబులలో సాధారణంగా దొరకదు. మరి "టీబీ రక్తపరీక్ష" అని మీకు చేస్తున్నది ఏమిటి?

మొదటిది ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష. ఒకప్పుడు విచ్చలవిడిగా చేశారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని క్షయ నిర్ధారణకు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం దీని తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. ఎవరైనా నేటికీ దీనిని సూచిస్తే మర్యాదగా నిరాకరించండి.

రెండవది టీబీ గోల్డ్ అని పిలువబడే పరీక్ష. ఇది మంచి పరీక్షే. కాని ఇది చెప్పేది, క్షయ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు మీ శరీరానికి పరిచయమైనదని మాత్రమే. 2019-21 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు దాటినవారిలో దాదాపు 31 శాతం మందికి ఈ పరిచయం ఉన్నది. వారిలో అత్యధికులకు ఏ జబ్బూ లేదు. రోగి ఇంట్లో ఉన్నవారికి నివారణ మందులు అవసరమా అని నిర్ణయించడానికి ఇది ఉపకరిస్తుంది. జబ్బు ఉన్నదని నిర్ధారించడానికి కాదు.

ఒక యువకుడు ఈ తేడా తెలియకనే బాధపడ్డాడు. జ్వరం తగ్గిన తరువాత మిగిలిన దగ్గుకు ఎవరో టీబీ గోల్డ్ చేయించారు. పాజిటివ్ అని రాగానే మందులు మొదలుపెట్టారు. అయిదు వారాల తరువాత పచ్చబడిన కళ్ళతో నా వద్దకు వచ్చాడు. ఎక్స్‌రే నిర్మలంగా ఉన్నది. కఫంలో క్రిమి లేదు. మందులు ఆపిన తరువాత కామెర్లు తగ్గాయి. అతనికి దగ్గు అప్పటికే పోయింది. ఆ మందులు క్షయ ఉన్నవాడికి ప్రాణదాతలే. లేనివాడి కాలేయానికి మాత్రం అనవసరపు భారం.

అంతవరకు మనం చేయవలసినవి

2007లో లాన్సెట్ పత్రికలో పాకిస్తాన్‌లోని రావల్పిండి నుండి ఒక అధ్యయనం వచ్చింది. కఫం ఎలా తీయాలో స్త్రీలకు ముందుగా కొద్ది నిమిషాలు వివరించారు. అంతమాత్రానికే క్రిమి దొరికినవారు 8 శాతం నుండి 13 శాతానికి పెరిగారు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఆదరంగా చెప్పిన మాట మాత్రమే. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష వచ్చేదాకా ఈ మాటను మనం వాడుకోవచ్చు.

కఫం ఇచ్చే పద్ధతి ఇది. ఉదయం లేవగానే నోరు నీటితో పుక్కిలించండి. డాబా మీదనో, గాలి తగిలే చోటనో, ఒంటరిగా నిలబడండి. రెండు మూడుసార్లు గుండె నిండా ఊపిరి పీల్చి వదలండి. ఆపైన ఛాతీ లోతుల నుండి దగ్గి, వచ్చిన చిక్కని కఫాన్ని డబ్బాలో వేయండి. నురుగు లాంటి లాలాజలం పనికిరాదు. పరీక్షించేవారు రెండవ నమూనా అడిగితే విసుక్కోకండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం, మెడలో తగ్గని బిళ్ళలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దగ్గరలోని బస్తీ దవాఖానాకో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్ళండి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితం. చికిత్స కాలంలో పోషణకై నెలకు 1,000 రూపాయలు నిక్షయ్ పోషణ్ యోజన ద్వారా మీ ఖాతాలో చేరుతాయి. సందేహాలుంటే 1800-11-6666 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు.

పిల్లలు కఫం ఇవ్వలేకపోతే నిరాశ పడనవసరం లేదు. జీర్ణాశయపు ద్రవం నుండి, మలం నుండి కూడా క్రిమి డీఎన్‌ఏను వెతకవచ్చు. మెడ గ్రంథులకు సూది పరీక్ష చేయించుకోండి. అది ఇంజెక్షను కంటె పెద్ద బాధ కాదు, మచ్చ మిగలదు.

రక్తపు చుక్కతో క్షయను గుర్తించే రోజు వస్తే నాకంటె సంతోషించేవారు ఉండరు. వచ్చిన నాడు కూడా మీ వైద్యుణ్ణి ఈ రెండు ప్రశ్నలు అడగడం మరువకండి. "ఈ పరీక్ష క్రిమిని చూపిస్తున్నదా, నా శరీరపు స్పందనను చూపిస్తున్నదా? దీని తరువాత నిర్ధారణకు ఏ పరీక్ష చేస్తారు?" ఈ రెండు ప్రశ్నలకు ఓపికగా సమాధానం చెప్పే వైద్యుడు దొరికితే, మీ జబ్బు సగం నయమైనట్లే.

మీ ఇంట్లో ఎవరైనా దగ్గుతూ, ఎవరికీ చెప్పుకోలేక దాచుకుంటున్నారేమో ఈ రోజే ఒకసారి గమనించండి. క్షయ సిగ్గుపడవలసిన జబ్బు కాదు. నయమయ్యే జబ్బు.